నాన్నకు మాటలు నేర్పిన మనిషి

గ్రంథాలయం మేడమీది గదిలో, కవుల గోష్ఠిలో, అన్నయ్య తన కవిత చదువుతుంటే చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన నాన్నకు తానే మళ్ళీ మాటలు నేర్పినట్టు రాసుకున్నాడు మహానుభావుడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చోబెట్టాడట. పెదవులెలా కలపాలో చూపించాడట. కారిన చొంగ తుడిచాడట. అవన్నీ చేసింది ఆమె. ఈయనగారు ఆ రోజుల్లో ఫోన్ చేసి నాన్నెలా ఉన్నాడని అడిగి, జవాబు పూర్తయ్యేలోగా పెట్టేసేవాడు. విని మెచ్చుకుంటుందని ఇవాళ ఆమెను వెంటబెట్టుకొచ్చిందీ ఈయనే. ఎదురుగా కూర్చుని వింటోందన్న జంకైనా లేదు.

కవిత చివర నాన్న నోట మొదటి మాట వస్తుంది: "పెద్దోడా." అదొక్కటీ అబద్ధం కాదు. ఇంట్లో అన్నయ్యను పిలిచే పేరు అదే. ఆ మాట విన్న పొద్దున ఆమె వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చింది.

చదవడం అయ్యాక చుట్టూ ఉన్నవాళ్ళు అందుకున్నారు. ఒకాయన కవితంటే ఇదీ అన్నాడు. ఇలాంటి కొడుకు ఉండాలంటే పెట్టి పుట్టాలంది ఒకావిడ. అన్నయ్య తల వంచుకుని వినయం ఒలకబోస్తున్నాడు. అందరూ చెప్పేదాకా రాసినవాళ్ళు నోరు విప్పకూడదని అక్కడ నియమం.

"మీరేమంటారమ్మా?" అన్నాడు గోష్ఠి నడిపే మాస్టారు ఆమె వైపు తిరిగి.

"చిన్న సవరణండీ. 'నేను' అని ఉన్న చోటల్లా 'చెల్లి' అని మార్చి చదవండి. చివర ఆ 'పెద్దోడా' మాత్రం అలాగే ఉంచండి."

అన్నయ్య చటుక్కున తలెత్తాడు. మాస్టారు వేలు చూపించి ఆపి, తన చేతిలోని ప్రతిలోంచి చదవడం మొదలుపెట్టాడు. చెల్లి అద్దం ముందు కూర్చోబెట్టింది. చెల్లి పెదవులు కలిపి చూపించింది. చెల్లి చొంగ తుడిచింది. నెలలు గడిచాక నాన్న నోరు పెగిలింది. "పెద్దోడా" అన్నాడు.

పెట్టి పుట్టాలన్న ఆవిడ అన్నయ్య వంక చూసి మొహం తిప్పుకుంది.

"ఇప్పుడు కవితయింది," అన్నాడు మాస్టారు. "నువ్వేమంటావోయ్?"

అన్నయ్య అప్పటికే పెన్ను తీసి, 'నేను'లన్నీ కొట్టేసి దిద్దుకుంటున్నాడు.

"మంచి సవరణే చెల్లీ. తీసుకుంటాను."

ఆమెకు ఇక కోపంతో ఒళ్ళు తెలియలేదు. అతని చేతి కింది కాగితం లాగేసుకుంది.

"తీసుకోవద్దన్నయ్యా. నాన్న నోట మొదటి మాట ఎలాగూ నీకే దక్కింది. ఈ కవిత నేను రాసుకుంటాను."