కార్డెల్ నిజంగా రాసిన పరీక్ష

కార్డెల్ పొయ్యి ముందు నిలబడి మొక్కజొన్న రవ్వ జావ కలుపుతున్నాడు. గరిటె కాడ చుట్టూ అతని వేళ్ళు సరిగా మూసుకోవు. చిటికెన వేలు ఒకవైపు, ఉంగరపు వేలు ఇంకోవైపు చూస్తుంటాయి. రవ్వ ఉండలు కడుతోంది.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టడమే అతని పని. మిసిసిపీలో కాలేజీ జట్టుకు ఆడే రోజుల్లో, అతను ఎవణ్ణయినా పడగొడితే బ్యాండు మోగేది. తర్వాత పెద్ద జట్ల ఎంపికలో చిట్టచివర అతని పేరు పిలిచారు. ఒక జట్టు తీసేస్తే ఇంకో జట్టు పిలిచేది. ఊళ్ళు మారాయి, అద్దె ఇళ్ళు మారాయి, మోకాలికి కోతలు పడ్డాయి. పేపరులో అతని పేరు వస్తే చివరి పేరాలో వచ్చేది.

ఏటా ఆటలు మొదలయ్యే ముందు బుర్రకు పరీక్ష పెడతారు. కొన్ని మాటలు చదివి వినిపించి, గుర్తున్నవి రాయమంటారు. మధ్యలో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు తగ్గితే ఆడనివ్వరు. దానికి ఉపాయం కాలేజీలో అతనితో ఒకే గదిలో ఉండే టావిస్ చెప్పాడు.

"ఒరేయ్, మొదటే మొద్దులా రాయరా. ఉన్నదే తక్కువైతే ఇంక తగ్గేదేముంది?"

అప్పట్నుంచి కార్డెల్ ఏటా కావాలనే తప్పులు రాశాడు. ఒకసారి దెబ్బ తిని లేచి, ఎదుటి జట్టు గుంపులోకి పోయి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మర్నాడు పరీక్ష గట్టెక్కాడు.

ఈ ఏడు భార్య రొనెట్ ఒట్టు వేయించుకుంది. నిజంగా రాయాలి, బాగా వస్తేనే జట్టు వేసవి శిక్షణ శిబిరానికి వెళ్ళాలి. నిన్న ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు. జట్టు డాక్టరు చూసి కన్నుగీటాడు.

"ఏటా వచ్చే మార్కులే! దొంగవయ్యా ముసలోడా!"

కార్డెల్ నవ్వాడు. ఈసారి కావాలని ఒక్క తప్పూ రాయలేదని మాత్రం డాక్టరుకు చెప్పలేదు. చిన్నప్పట్నుంచీ వేసవి అంటే అతనికి శిబిరమే. వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయిన కార్డెల్ ఎలాంటివాడో అతనికే తెలియదు.

"ఎలా రాశావు?" బల్ల దగ్గర కూర్చుంటూ రొనెట్ అడిగింది.

"ఎప్పట్లాగే. తప్పులు రాశా."

"ఒట్టు తీసి గట్టున పెట్టావన్నమాట! సిగ్గులేదూ? అయితే నాకు చెప్పు. పీచుపండు, వంతెన, దుప్పటి, గుర్రం, మేనత్త. ఊఁ, చెప్పు."

"పీచుపండు..." అతను గరిటె తిప్పాడు. "మిగతావి తినేశా."

ఆమె పకపకా నవ్వింది. "వేషాలు చాలుగానీ, చెప్పు బాబూ."

అతను ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు, మాటలు ఇంకా అక్కడే ఉన్నట్టు. రొనెట్ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"కార్డెల్... నిన్న నిజంగానే రాశావు కదూ?"

బయట శిబిరం బండి హారను కొట్టింది. అతను పొయ్యి ఆపి సంచీ భుజాన వేసుకున్నాడు. రొనెట్ పరుగున వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిద్రపోతున్న పిల్లను జరిపినట్టు ఆమెను నెమ్మదిగా పక్కకు జరిపి వెళ్ళిపోయాడు.

కుర్చీ కింద అతని ఆట బూటు ఒకటి ఉండిపోయింది. అడుగున మేకుల సందుల్లో నిరుటి గడ్డి ఎండి ఇంకా అంటుకునే ఉంది.