రైలెక్కిన గౌరి

మదనపల్లెలో గఫూర్ టైలరింగ్ షాపు పెట్టి చాలా ఏళ్లయింది. అయినా ఊళ్లో సగం మందికి ఆయన టైలరు కాదు, ‘ఎర్రదావ’ సినిమా హీరో. ముప్పై ఏళ్ల కిందట సురేంద్ర అనే దర్శకుడు పేరున్న నటులెవరూ లేకుండా పుంగనూరు చుట్టుపక్కల తీసిన సినిమా అది. బస్సు డ్రైవరు వేషానికి గఫూర్‌ను, కూలి పిల్ల గౌరి వేషానికి నిజంగానే శెనక్కాయ చేలో కూలికి పోతున్న తిమ్మక్కను ఎంచుకున్నాడు. చివర్లో గౌరి కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలెక్కుతుంది. ఆమె మీద మనసున్న డ్రైవరు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తాడు, ఒక్క మాటా అనడు. రైలు కదులుతుంది, సినిమా అయిపోతుంది.

మదనపల్లెలో అది ఆడినన్నాళ్లూ టమాటా మార్కెట్‌కు వచ్చిన రైతులు సరుకు దించేసి నేరుగా మ్యాట్నీకి పోయేవాళ్లు. అప్పట్నుంచి గఫూర్‌కు ఒకటే ప్రశ్న. జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చిన ఆడవాళ్లు కూడా, ఆ పిల్లను ఎందుకు ఆపలేదని నిలదీసేవాళ్లు. మొదట్లో నవ్వేవాడు. పోనుపోను, నిజంగానే ఎవరినో పోగొట్టుకున్నట్టు ఆయనకూ దిగులు పట్టుకుంది.

అందుకే, సురేంద్ర చనిపోయిన ఏడాదికి ఆయన కూతురు దీప వచ్చి, అదే మనుషులతో రెండో భాగం తీస్తానని చెప్పగానే గఫూర్ కథ కూడా అడక్కుండా ఒప్పుకున్నాడు. భార్య షంషాద్ ఆ రోజే ఆయన జుట్టుకు రంగు తెప్పించింది.

ఇక ఒప్పుకోవాల్సింది తిమ్మక్క. ఆమె ఇప్పుడు కుప్పంలో అంగన్‌వాడీ టీచరు. దీప కార్లో ఇద్దరూ బయల్దేరారు. పుంగనూరు దాటేదాకా గఫూర్ చెబుతూనే ఉన్నాడు. ఫైరింజన్‌తో వాన కురిపించబోతే నిజం వానే వచ్చి అందరినీ తడిపిన చోటు చూపించాడు. యూనిట్ మొత్తం రాగిసంకటి తిన్న హోటలు కోసం వెతికాడు. అక్కడ సెల్‌ఫోన్ల అంగడి ఉంది. బైరెడ్డిపల్లె దగ్గర పడేసరికి మాటలు తగ్గాయి. తిమ్మక్కను చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

అంగన్‌వాడీ పిల్లలంతా ఇళ్లకు వెళ్లాక తిమ్మక్క ఇద్దరికీ చాప పరిచింది. గఫూర్‌ను తేరిపార చూసి, “జుట్టు యాల ఇంత నల్లగుండాది గఫూరన్నా?” అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

దీప కథ చెప్పింది. గౌరి బెంగళూరులో అన్నీ పోగొట్టుకుని తిరిగొస్తుంది. డ్రైవరు ఆమె కోసం పెళ్లి లేకుండా ఉండిపోయి ఉంటాడు. అదే ప్లాట్‌ఫారం మీద, ఇంక పోవద్దంటాడు. వింటుంటే గఫూర్ కళ్లు తడిశాయి.

తిమ్మక్క మెల్లగా, “ఆ పిల్లను ఎనక్కి తేవద్దమ్మా,” అంది.

ఎందుకని దీప అడిగింది. షూటింగ్ అయిపోయాక తాను మళ్లీ కూలికే పోయానని చెప్పింది తిమ్మక్క. కానీ హాల్లో తనను తాను రైలు కిటికీలో చూసుకున్నాక చేలో మనసు నిలవలేదట.

“కలుపు తీస్తాంటే అదే గుర్తొస్తాండె. తెరమీద పోయినదాన్ని, నిజంగా యాల పోలేనని. పది పరీక్ష కట్టి ఈడికొస్తిని. నా కూతురు సుష్మ బెంగళూరులో నర్సు. ఇప్పుడు గౌరిని ఏడిపించి తెచ్చి దింపితే, పోయిందే తప్పన్నట్టు ఉంటాది గదమ్మా.”

కథ మారుస్తానంది దీప. గొప్పగా బతికి వచ్చినట్టు రాస్తానంది. తిమ్మక్క నవ్వి తల అడ్డంగా ఊపింది.

ఇన్నేళ్లూ గఫూర్ ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడి గురించే ఆలోచించాడు. రైల్లో కూర్చున్న మనిషి గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

“నేను ఆపింటే?” అని అడిగాడు.

“దిగేసింటా గఫూరన్నా. అప్పట్లో ఎవురు పిలిసినా సాలు, దిగేదాన్ని.”

గఫూర్ దీప వైపు తిరిగి, తానూ చెయ్యనని చెప్పాడు. ఆ మాట చెప్పడం ఆయనకు తేలిక కాలేదు.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక, నాన్న కోసం చెయ్యగలిగింది ఇదొక్కటే అనుకున్నానంది దీప.

“మీ నాయన సినిమానే మళ్లా ఆడించమ్మా. సూడనోళ్లు శానామంది ఉండారు,” అన్నాడు గఫూర్.

కొన్ని నెలలకు దీప పాత ప్రింటును బాగు చేయించి పుంగనూరులో ఒక హాలు మాట్లాడింది. సుష్మ సెలవు పెట్టి తల్లిని తీసుకొచ్చింది. తెర మీద బక్కపల్చని గఫూర్ బస్సు హారన్ మోగించగానే హాలంతా ఈలలు. షంషాద్ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాన సీనులో సుష్మ తల్లి చెయ్యి పట్టుకుంది. అప్పుడు తెర మీదున్న తిమ్మక్క ఇప్పటి సుష్మ కన్నా చిన్నది.

ఆఖరి సీనులో గఫూర్ తనను తాను చూసుకోలేదు, కిటికీనే చూశాడు. రైలు కదిలాక గౌరి ఒక్కసారి వెనక్కి చూసి, తర్వాత ముందుకు తిరిగి గాలికి ఎగురుతున్న జుట్టును చెవి వెనక్కి దోపుకుంది. ఎంత చక్కగా ఉంది ఆ పిల్ల, అనుకున్నాడు.

లైట్లు వెలిగినా జనం వెంటనే లేవలేదు. దీప ముందు వరసలో ఒంటరిగా కళ్లు తుడుచుకుంటోంది. తిమ్మక్క లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.