రాగి బిళ్లల ఫోటో

నాణేన్ని నల్లగుడ్డ మీద సరిచేసి హనుమేష్ మళ్లీ కెమెరా మీదికి ఒంగాడు. ఆలూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఆ స్టూడియోలో పొద్దున కాసేపే కిటికీలోంచి మెత్తటి వెలుగు పడుతుంది. తర్వాత ఎదుటి రేకుల షెడ్డు మెరుపు కళ్లు పొడుస్తుంది. అందుకే ఆ వేళ గిరాకీ వచ్చినా "కూకోప్పా" అంటాడే తప్ప తల ఎత్తడు.

పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లిళ్లు, పోలీసులు పిలిస్తే శవాలు. అతని వయసంతా వీటితోనే గడిచింది. వానలకు చేలల్లో పాత బిళ్లలు బయటపడితే జనం అతనికి తెచ్చి చూపిస్తారు. వాటిని మాత్రం అతను తన సంబరం కోసం ఫోటో తీసుకుంటాడు.

పక్కనే ఆదోని కొట్టువాడు చూసుకోమని ఇచ్చిన మైక్రోస్కోపు ఉంది. తీగ కంప్యూటరుకు తగిలిస్తే తెర మీద నాణెం మీది నంది కొమ్ము కొండంత కనిపించింది, సందులో ఇరుక్కున్న మట్టితో సహా. కానీ నంది కనిపించలేదు. కెమెరాలో నంది మొత్తం ఉంది, అక్షరాలు అలుక్కుపోయాయి. చిన్న వస్తువులను దగ్గరగా తీసే లెన్సు కొంటే అవీ తేలతాయి. రెండూ కొనే తాహతు లేదు.

"దాన్ని చూస్తా దీన్ని చూస్తా కూకుంటే ఎట్ల? ఏదో ఒకటి తేల్చుకోరాదా?" లోపలి నుంచి భార్య శివజ్యోతి అంది.

"ఏది వద్దనేకీ మనసు రావడంల్యా."

అప్పుడే బయట పోలీసు జీపు ఆగింది.

జీపు అతన్ని తీసుకుపోయింది ఇద్దరు అన్నదమ్ముల చేనికి. ట్రాక్టరు దున్నుతుంటే నాగలికి కుండ తగిలి పగిలింది. నిండా రాగి బిళ్లలు. పంపకంలో మాటా మాటా పెరిగి తమ్ముడు ఆంజనేయ పార ఎత్తాడు. అన్న మహానంది సాళ్లలో వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ సగం తెగి తల ఒక పక్కకు వాలింది. అడ్డం పెట్టిన చేతి వేళ్లు తెగి విడిగా నల్లరేగడిలో పడి ఉన్నాయి. ఈగలు జుయ్యిమంటున్నాయి.

హనుమేష్ ఎప్పటిలాగే చెప్పులు విడిచి శవం దగ్గరికి పోయాడు. నాలుగు వైపుల నుంచీ తీశాడు.

వెనక కేకలు లేచాయి. మహానంది బామ్మర్దులు, పోలీసులు జీపులో కూర్చోబెట్టిన ఆంజనేయను కిందికి ఈడ్చి కట్టెలతో బాదుతున్నారు. మోచెయ్యి విరిగిన చప్పుడు హనుమేష్‌కు వినిపించింది. ఆంజనేయ నోట్లోంచి రక్తంతో పాటు పళ్లు ఊడి పడ్డాయి. లాఠీలు విరిగేదాకా కొట్టి పోలీసులు వాళ్లను చెదరగొట్టారు.

"బిళ్లలు గూడా తియ్యి. కోర్టుకు కావాల," అన్నాడు ఎస్సై.

గోనెసంచి మీద పోసిన బిళ్లలకు రక్తం అంటుకుని ఉంది. ఎండకు తళుక్కుమంటున్నాయి. హనుమేష్ గొంతుక్కూర్చుని తన ఒంటినే నీడ చేసి ఒక్కొక్కటే తీశాడు. రక్తం నిండి అక్షరాలు ఎర్రగా తేలాయి. అంతా అయ్యాక కాస్త పక్కకు పోయి భార్యకు ఫోను చేశాడు.

"మైక్రోస్కోపు వాపసు ఇచ్చేద్దాం. లెన్సే తీసుకుందాం. ఆ మైక్రోస్కోపును చేన్లోకి మోసుకొచ్చేకి అయితాదా?"

"సరే. తొందరగా రా, సంగటి చల్లారిపోతాది."

శవం మొహం దగ్గరగా తియ్యమన్నాడు ఎస్సై. హనుమేష్ మోకాళ్ల మీద ఒంగి కెమెరాను మహానంది మొహం మీదికి తెచ్చాడు. అంతసేపూ గట్టు మీద రాయిలా కూర్చున్న ముసలామె గిడ్డమ్మ లేచింది. అన్నదమ్ములిద్దరికీ తల్లి ఆమె.

"నా బిడ్డను పురుగును చూసినట్ల చూస్తాండావే!"

ఆమె విసిరిన రాయి హనుమేష్ చెవి పైన తగిలింది. కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాడు. కానిస్టేబులు ఆమె మీద లాఠీ ఎత్తాడు.

"కొట్టద్దప్పా! ఆమె ఏమీ చేయల్యా. నేనే కాలు జారి పడినా."

ఎస్సై ఇద్దరినీ చూశాడు. కానిస్టేబులును వెనక్కి రమ్మని సైగ చేశాడు.

గిడ్డమ్మ దగ్గరికి వచ్చింది. కొంగు పర్రున చించి అతని తలకు చుట్టి గట్టిగా ముడేసింది.

"ఒకడు చచ్చె. ఒకడు జైలుకు పాయె. ఇంగెవర్ని కొట్టాల నాయనా నేను?"

"కొట్టింది సాలమ్మా. ఇంగ ఏడువు."

అప్పుడు ఏడ్చింది ఆమె, పెద్దకొడుకు కాళ్ల మీద పడి, మట్టి గుప్పిళ్లతో నెత్తిన పోసుకుంటూ.

స్టూడియో ముందు జీపు దిగినప్పుడు హనుమేష్ బాగానే ఉన్నాడు. శివజ్యోతి కట్టు చూసి కంగారు పడితే, "రాయి తగిలింది, అంతే," అన్నాడు. ఆస్పత్రికి పోదామంటే సాయంత్రం చూద్దామన్నాడు. కాసేపటికి వాకిట్లో వాంతి చేసుకున్నాడు.

"తల నొప్పిగా ఉండాది. రోంతసేపు పండుకుంటా."

గిరాకీలు కూర్చునే బల్ల మీద ఒరిగాడు. శివజ్యోతి సంగటి పళ్లెం తెచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం పట్టి కదిపితే చెయ్యి బల్ల మీంచి జారి వేలాడింది. నిద్రలోనే పోయినట్టు నోరు కొద్దిగా తెరిచి ఉంది.

శవానికి నీళ్లు పోసే ముందు ఆమే కట్టు విప్పబోయింది. రక్తం ఎండి ముడి బిగుసుకుపోయింది, ఎంతకీ రాలేదు. చివరికి తల మీంచి మెల్లగా పైకి తీసి గూట్లో పెట్టింది. అది ఎవరి చీరదో ఆమెకు తెలియదు. పచ్చటి నూలుగుడ్డ, ముడి ఊడకుండా, అతని తలంత గుండ్రంగా అలాగే నిలిచి ఉంది.