జలపాతం హోరులో

అయిదో నెలలో కడుపు పోయినప్పటినుంచీ కోడలికి ఉలుకూ పలుకూ లేదు. కళ్ళద్దాల షాపులో పనికి వెళ్ళేది, వచ్చేది, నాలుగు ముద్దలు తిన్నాననిపించేది. కంట నీటిచుక్క మాత్రం రాలేదు.

ఒక చలి పొద్దున అత్తగారు కారు తాళాలు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది.

"పద అమ్మాయ్, జలపాతం చూసొద్దాం. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా."

"ఇంత చలిలోనా అత్తయ్యా? ఆయన్ని తీసుకెళ్ళమనండి."

"వాడు నడిపితే నేను దారి పొడుగునా కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఇంక చూసేదేముంది?"

నవ్వు రాలేదు గానీ, కోడలు లేచి స్వెటరు తొడుక్కుంది.

దారిలో ఊళ్ళు ఇంకా ముసుగుతన్ని పడుకున్నట్టే ఉన్నాయి. సగం ఎత్తిన షట్టర్లు, పంక్చర్ షాపు ముందు చలి కాచుకుంటున్న మనుషులు. అత్తగారు కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదువుతూనే ఉంది. రెండో ఊరు దాటి కొండ ఎక్కేసరికి పొగమంచు కమ్మేసింది. ఎదర రోడ్డన్నదే లేదు. కోడలు కారు పక్కకి తీసి ఆపేసింది.

"నా వల్ల కాదు అత్తయ్యా."

"కాకపోతే ఆగుదాం. మనల్నెవరు తరుముతున్నారు?"

ఆవిడ తన శాలువా సగం తీసి కోడలి భుజాల మీదుగా కప్పింది. మంచు పలచబడేదాకా ఇద్దరూ అందులోనే ముడుచుకుని కూర్చున్నారు.

జలపాతం దగ్గర నరమానవుడు లేడు. నీళ్ళది ఒకటే హోరు. మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. ఇనపకమ్మీ పట్టుకుని చాలాసేపు చూసిన అత్తగారు కోడలి వైపు వంగింది.

"మీ ఆయన కంటే ముందు నాకొకడు పుట్టాడమ్మా. ఒక్క పూటే ఉన్నాడు. ఏడవకు, మళ్ళీ పుడతాడులే అన్నారందరూ. నోరు మూసుకున్నా. ఇన్నేళ్ళూ మూసుకునే ఉన్నా."

కోడలు తిరిగి చూసింది. ఆవిడ కమ్మీ వదిలి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదే తల్లీ."

అంతే. కోడలు ఆవిడ మెడ చుట్టేసి గొంతు పోయేలా ఏడ్చింది. అత్తగారు ఊరుకోమనలేదు. తనూ ఏడ్చింది.

కొండ దిగాక టీకొట్టు ముందు ఆగారు. వేడి గ్లాసు అరచేతుల మధ్య పెట్టుకుని కోడలు అడిగింది.

"బాబుకి పేరేమనుకున్నారు అత్తయ్యా?"

"పేరు పెట్టనిస్తేగా! నేను మాత్రం లోపల్లోపల బుజ్జులూ అని పిలుచుకునేదాన్ని."

"నేను చిన్నులు అనుకున్నా," అంది కోడలు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"చిన్నులు," అని అత్తగారు మెల్లగా, ముద్దుగా పలికింది.

దగ్గర్లోనే సరస్సు ఉందనీ, చలికాలం పక్షులు దిగుతాయనీ టీకొట్టాయన చెప్పాడు. కోడలు మొగుడికి ఫోన్ చేసింది.

"మేం రేపొస్తాం. అత్తయ్యకి సరస్సు చూడాలనుందట."

"నేనెప్పుడన్నానే?" అంది అత్తగారు.

"అంటారు లెండి, ముందు ఎక్కండి," అంటూ కోడలు ఆవిడకి కారు తలుపు తీసి పట్టుకుంది. చిన్నగా నవ్వింది కూడా.