రెబ్కా నడిచిన నేల

మిరప నారు పోసే రోజుల్లో రెబ్కాకి తీరిక ఉండేది కాదు. విత్తనం చల్లిన మడిలో ఆమె ఉత్త కాళ్ళతో అటూ ఇటూ నడిచి వెళ్తే చాలు, ఒక్క గింజ తప్పకుండా మొలిచేది. అందులో వింతేముంది? కొందరి చేతికి పచ్చళ్ళు నిలవుంటాయి, రెబ్కా కాలికి మొలకలొస్తాయి.

రెబ్కా, ఆమె మొగుడు జయరావు ఎదురుచూసేది ఒక్కదానికోసమే. ప్రభుత్వం ఇస్తానన్న అరెకరం పట్టా. చవుడు నేల, గడ్డి కూడా మొలవదు.

"నువ్వు నడిస్తే మొలవకేం చేస్తుంది?" అనేవాడు జయరావు.

ఆ ఏడు పత్తి బాగా పండి, ఆసామి యలమందయ్య భార్య సుబ్బరావమ్మ పెరట్లో మొక్కలకి అద్దాల గది కట్టించింది. బెంగుళూరులో చూసొచ్చిందట. మనుషులే వేగిపోయే గుంటూరు ఎండల్లో మొక్కలకి అద్దాల గదేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. గోడలు లేచాక నేల సంగతి వచ్చింది.

"మట్టి వదిలేయండమ్మా," అన్నాడు తాపీమేస్త్రి మొహిద్దీన్ బాషా. "పోసిన నీళ్ళు ఇంకుతాయి, గది చల్లగా ఉంటుంది. పైగా రెబ్కా పనికొస్తానంటోంది. ఆమె కాలికింద మట్టుండాలిగా."

"ఇటుకలు పరిస్తే?"

"పాచి పడుతుందమ్మా. కంకరైనా ఫర్లేదు."

"నాపరాళ్ళు వెయ్యి."

"నీళ్ళు నిలిచిపోతాయండి."

"నిలవనీ. అది వచ్చి వెళ్ళాక కడుక్కోవద్దూ? మట్టినెట్లా కడుగుతాం?"

ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని రెబ్కా అక్కడే నిలబడి ఉంది. సుబ్బరావమ్మ గొంతు తగ్గించనూ లేదు. మడికి ఆ కాళ్ళే కావాలి, గదికి మాత్రం మైల. ఇంత తెలివి ఎక్కడ నేర్చుకుంటారో గానీ, బాషా కొలతలు తీసుకున్నాడు.

అయినా రెబ్కా ఆ గదిలో మొక్కల పనికి ఒప్పుకుంది. మిరప ఘాటుకి ఆమెకు దగ్గు, నీడపట్టున పని దొరకడమే గొప్ప. రెండేళ్ళు పొద్దస్తమానం ఆ రాళ్ళ మీదే నడిచింది. నారుమళ్ళకి పిలుపొచ్చినా సుబ్బరావమ్మ పంపేది కాదు. సాయంత్రం ఆమె గడప దాటగానే వెనక బిందెలతో నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. ఆ చప్పుడుకి ఒళ్ళు మండేది. పట్టా వచ్చేదాకానే కదా అని సర్దిచెప్పుకునేది.

పట్టా వచ్చింది. ఆ రోజే రెబ్కా పని మానేసింది. తొలి వానకి జయరావు గింజలు చల్లాడు. రెబ్కా కళ్ళు తుడుచుకుంటూ అరెకరమంతా మూలమూలా నడిచింది. అంత సంతోషం ఆమెకు పెళ్ళినాడు కూడా లేదు.

వారం పోయాక ఇద్దరూ వెళ్ళి చూస్తే మొలక లేదు, మట్టీ లేదు. అరెకరమూ నున్నటి నాపరాయి. జయరావు గునపం వేస్తే నిప్పురవ్వ లేచింది. రెబ్కా గట్టున చతికిలబడి ఏడ్చింది.

"నా కాళ్ళు ఆ రాళ్ళనే మోసుకొచ్చాయయ్యా," అంది.

ఊళ్ళో ఎవరూ దాన్ని విడ్డూరంగా చెప్పుకోలేదు. యలమందయ్య మాత్రం వచ్చి, చెప్పుకాలితో రాయిని తట్టి చూశాడు.

"ఏరా జయరావూ, భలే కళ్ళం దొరికిందిరా. దుమ్మంటకుండా కాయలెండుతాయి," అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

ఆ మాఘంలో యలమందయ్య మిరపకాయలు రెబ్కా పొలం నిండా ఎండాయి. నోటికి కొంగు కట్టుకుని, దగ్గుకుంటూ, వాటిని తిరగేసే కూలీల్లో రెబ్కా కూడా ఉంది.