ఫోను ఎత్తిన చెయ్యి

పొద్దున్నుంచి యజమాని ఫోను చేయడం అది పన్నెండోసారి. మందుల పెట్టెలు చేరవేసే వ్యాను డ్రైవరు పదకొండుసార్లూ బండి పక్కకు తీసే మాట్లాడాడు, ఆగినందుకు చీవాట్లూ తిన్నాడు. ఈసారి వెనక బస్సు హారన్ కొడుతోంది, ఆపుకోవడానికి చోటు లేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఫోను చెవికి ఆనించాడు.

"ఎక్కడ చచ్చావ్?"

జవాబు నోట్లో ఉండగానే జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతున్న ఒకావిడ వ్యాను తగిలి పడిపోయింది. ఆవిడ దర్జీ. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

పోలీసు స్టేషనులో ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం రాసుకుంటుంటే యజమాని నలగని చొక్కాతో ఊడిపడ్డాడు. చేతిలో కాగితం: బండి నడుపుతూ ఫోను మాట్లాడనని హామీ, కింద డ్రైవరు సంతకం.

"చెవినిల్లు కట్టుకుని చెప్పినా వినడు సార్. మాకేం సంబంధం లేదు."

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండు రింగుల్లో ఎత్తకపోతే పన్లోకి రావద్దన్నదెవరు? నా బండి ఎక్కడుందో మీ కంప్యూటర్లో కనబడుతూనే ఉంటుందిగా! కదులుతోందని చూసి మరీ చేశారుగా!"

"గొంతు తగ్గించు."

"ఇన్నాళ్లూ తగ్గించే బతికాను!"

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు. "ఫోను ఎవరి చేతిలో ఉందన్నదే మా చట్టం చూస్తుందయ్యా. చేసినవాణ్ణి ఏమనాలో అందులో లేదు."

డ్రైవరు పళ్లు నూరుకుంటూ ఆస్పత్రికి వెళ్లాడు. కట్టుతో మంచం మీద కూర్చున్న ఆవిడకు జరిగిందంతా ఏకరువు పెట్టాడు. "అంతా మా యజమాని వల్లేనమ్మా."

"ఆయన ఎత్తమన్నాడు. ఎత్తిందెవరు?" ఆవిడ కట్టు చెయ్యి ఎత్తి చూపింది. "ఆరు పెళ్లిబట్టలు కత్తిరించి పెట్టాను. ఎవరు కుడతారిప్పుడు? మీ యజమానా?"

అతను ఫోను తీసి పొద్దున్నుంచి వచ్చిన పన్నెండు ఫోన్లూ చూపించబోయాడు.

"ఆయన సంగతీ చెప్పు, వద్దనను. ముందు నీ తప్పు రాయి. ఆ తర్వాతే ఆయనది."

డ్రైవరు మళ్లీ స్టేషనుకు వెళ్లి వాంగ్మూలం తిరగరాయించాడు. 'తప్పు నాదే' అన్నది మొదటి వాక్యం. ఆ కింద ఆ రోజు వచ్చిన పన్నెండు ఫోన్లూ, నిమిషాలతో సహా. సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. లైసెన్సు ఆరు నెలలు పోయింది. ఇన్నాళ్లూ నోరు మెదపని తోటి డ్రైవర్లు ముగ్గురు, బండి నడుపుతుండగా యజమాని తమకు చేసిన ఫోన్ల లెక్క చూపడానికి, తమ ఫోన్లు తెచ్చి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టారు.

కోర్టులో జడ్జి ఆ జాబితా పైకి చదువుతుంటే యజమాని రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. బండి కదులుతుండగా డ్రైవర్లకు ఇక ఫోను చేయకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆవిడ వైద్యం ఖర్చు, పోయిన పని తాలూకు నష్టం కంపెనీ నెత్తినే పడ్డాయి.

మెట్ల దగ్గర ఎదురుపడ్డప్పుడు ఆవిడ డ్రైవరు వైపు చూడనైనా చూడకుండా దిగిపోయింది. యజమాని మీద అతని కోపం కాస్త నెమ్మదించింది. తన మీద కోపం మాత్రం ఇంకా కుతకుతలాడుతూనే ఉంది.