లాజరు చేసిన దిద్దుబాట్లు

చిక్కంతా పేరు దగ్గరే వచ్చింది.

కోదాడ బస్టాండు ఎదురు సందులో ఐలన్న షాపుంది. అందులో కంప్యూటర్లు బాగుచేసేవాడు లాజరు. సొంతూరు నడిగూడెం. అమ్మ బాలమ్మకూ చర్చిలో పాస్టరుగారికీ ఊళ్ళో అందరికీ అతను లాజరే. సర్టిఫికెట్లలో మాత్రం లింగస్వామి. ఎందుకంటారా? మన దగ్గర కిరస్తానం పుచ్చుకున్నట్టు కాగితం మీద పడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. ఊరు మాత్రం కులాన్ని మరిచిపోతుందా? ఛ, ఎక్కడి మాట! అందుకే వాళ్ళ ఎస్సీ వాడలో పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఇంకొకటి. ఇందులో దొంగతనమేముందో మీరే చెప్పండి.

ఐలన్న షాపులో కంప్యూటర్లన్నీ లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడిచేవే. దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పు కనిపిస్తే సరిచేసి పంపొచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అక్కడ నెట్ డాంగిల్ మొండికేసేది. లాజరు తిట్టుకుంటూ, తిండి మానుకుని మరీ ఆ తప్పేదో పట్టేశాడు. మార్చింది రెండు వరుసలే. పంపితే ఆ భాగం చూసుకునే పెద్దమనిషి జర్మనీ నుంచి జవాబిచ్చాడు. "కింద మీ అసలు పేరుతో సంతకం పెట్టండి. మారుపేర్లు కుదరవు."

అమ్మ పిలిచే పేరు కాక అసలు పేరు ఇంకేముంటుంది? ముందూ వెనకా చూడకుండా లాజరు అని పెట్టేశాడు. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి ఎన్నో చిన్న చిన్న దిద్దుబాట్లు పంపాడు. అన్నిటి కిందా అదే పేరు.

2012లో ఓ హైదరాబాదు కంపెనీ సూర్యాపేటలో ఇంటర్వ్యూలు పెట్టింది. మేనేజరు భాస్కర్ లాజరు చూపించిన ఆ దిద్దుబాట్లు చూసి తెగ మెచ్చుకున్నాడు. తీరా సర్టిఫికెట్లు చూసి ఆగిపోయాడు.

"ఇక్కడ లింగస్వామి అనుంది. లాజరు ఎవరండీ?"

"నేనే సార్."

"అయితే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ పట్టుకురండి. ఉద్యోగం మీదే."

ఆ సంతోషంలో లాజరు నేరుగా మిర్యాలగూడ బస్సెక్కాడు. అక్క రాణి అక్కడ కిరాయికుంటూ మాడుగులపల్లి సర్కారు బడిలో టీచరుగా చేస్తోంది. ఆ ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. తమ్ముడి మాట వింటూనే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సోయి ఉండే మాట్లాడుతున్నవా తమ్మీ? లాజరు, లింగస్వామి ఒక్కడే అని కాయితం రాసిస్తవా?"

"మనూర్ల అందరికి తెలిసిందే గదా అక్కా."

"తెల్వడం ఏరు, కాయితం మీద ఉండుడు ఏరు. నా మీద కండ్లల్ల నిప్పులు పోసుకునేటోళ్ళు గీ బడిలనే ఉన్నరు. గా కాయితం ఆళ్ళ చేతిల పడ్డదనుకో, తమ్ముడు కిరస్తానమైతే అక్క హిందువెట్లయితది అని అర్జీ పెడ్తరు. ఇగ నా నౌకరి ఖతం. అమ్మను మళ్ళ నాట్లకు తోలుదామా?"

"మరి నేను చేసిన పని ఎవలదక్కా?" అంటూ గొంతు పెంచాడు.

రాణికి ఏడుపు ఆగలేదు. "నీదేరా. నాకు తెల్వదా? గని చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత."

పెంచి పెద్దచేసిన అక్క ఆ మాట అనేసరికి అతని ప్రాణం ఉసూరుమంది. కాగితం తేలేనని భాస్కర్‌కు ఫోన్ చేసి చెప్పేశాడు. "సరే, లింగస్వామి పేరు మీద చేసిన పనేదైనా ఉంటే పంపండి, చూద్దాం," అన్నాడాయన.

చేస్తే పోలా అనుకున్నాడు లాజరు. తను లోగడ రాసినదాంట్లోనే ఒక లోపం బయటపడింది. దాన్ని సరిచేసి, కొత్త మెయిల్ ఐడీ ఒకటి తెరిచి, లింగస్వామి అని సంతకం పెట్టి పంపాడు. జర్మనీ నుంచి జవాబు వచ్చింది.

"దిద్దుబాటు బాగుంది. కానీ ఈ ముక్క లాజరు రాసింది. మీ రాత కూడా అచ్చం అతని రాతలాగే ఉంది. ఒకరి పనిని ఇంకొకరు తమదనడం మా దగ్గర కుదరదు. ముందు అతని అనుమతి తీసుకోండి."

తన పని తనే దొంగిలించాడట! ఒళ్ళు మండిపోయింది. నేనే లాజరునని రాద్దామని కీబోర్డు మీద చేయి వేశాడు. కానీ ఆ మెయిళ్ళన్నీ నెట్‌లో అందరికీ కనపడేలా పెడతారు; అక్కడ రాసిన మాట లోకమంతా చదువుతుంది, ఎప్పటికీ చెరగదు. అక్క ఏడుపు గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు. చివరికి పాత మెయిల్ ఐడీ తెరిచి, లాజరుగానే రాశాడు.

"అది లింగస్వామి సొంత పనే. ఇకనుంచి నేను రాయను. నేను రాసిందంతా అతనే చూసుకుంటాడు."

"ఇంత మంచి పనివాడు మానేస్తుంటే మనసొప్పడం లేదు లాజరూ. నీకు మేమంతా రుణపడి ఉన్నాం," అని ఆ పెద్దమనిషి వెంటనే రాశాడు.

అది చదివి లాజరు బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐలన్న కంగారుగా లేచొచ్చాడు.

"ఏమైందిరా లాజరూ?"

"లింగస్వామి అని పిలువన్నా. ఇగ అలవాటు చేసుకో."